ఏడిపించినవాడిని వదిలేసి ఏడ్చినవాడిని విచారిస్తున్నాం

పొద్దున ఫస్ట్ పీరియడ్, తొమ్మిదో తరగతి. అటెండెన్స్ పిలుస్తున్నాను. పదిహేడో నంబరు పిల్లాడు లేచి "ప్రెజెంట్ టీచర్" అన్నాడు. వాడి గొంతు సన్నగా ఉంటుంది. వెంటనే వెనక బెంచీ నుంచి అదే మాట ఇంకా సన్నగా, సాగదీసి వినిపించింది. క్లాసంతా నవ్వింది. నేను "సైలెన్స్" అని పద్దెనిమిదో నంబరు పిలిచాను.

ఇది చాలా రోజులు జరిగింది. కొన్నాళ్ళకు వాడు నోరు తెరవడం మానేసి చెయ్యెత్తడం మొదలుపెట్టాడు. జలుబు చేసిందేమో అనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, "టీచర్, వాళ్ళు నన్ను పాయింట్ ఫైవ్ అంటున్నారు" అన్నాడు. పూర్తి మగాడు కాదని వెక్కిరించే మాట అది. నేను పేపర్లు దిద్దుతున్నాను. తలెత్తకుండానే, "పట్టించుకోకు నాన్నా. నువ్వు కూడా కాస్త గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకో" అన్నాను. వాడు "సరే టీచర్" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ నా దగ్గరికి రాలేదు.

మంచిమాటే చెప్పాననుకున్నాను. అందులో మొదటి సగం, "భరించడం నీ పని" అని చెప్పింది. రెండో సగం, "అసలు తప్పు నీలోనే ఉంది" అని చెప్పింది. వెనక బెంచీలో కూర్చున్నవాళ్ళ గురించి నేను ఒక్క ముక్క కూడా అనలేదు. ఇన్నేళ్ళలో నేను చూసిన బడుల్లో ఎక్కువ చోట్ల ఇదే జరుగుతుంది. ఫిర్యాదు రాగానే విచారణ మొదలవుతుంది గానీ, ఫిర్యాదు చేసిన పిల్లాడి మీద మొదలవుతుంది. నిజంగానే అలాంటివాడా? ఇంట్లో తెలుసా? ఎవరితో తిరుగుతున్నాడు? నడక ఎందుకలా ఉంది? ఏడిపించిన ముగ్గురు మాత్రం గ్రౌండులో వాలీబాల్ ఆడుకుంటూ ఉంటారు.

ముందు మాటల సంగతి చూద్దాం. ఎల్‌జీబీటీక్యూ అనే పొట్టిపేరు కింద రెండు వేర్వేరు విషయాలున్నాయి. ఎవరి మీద ఆకర్షణ కలుగుతుందన్నది ఒకటి. మగవారిని ఇష్టపడే మగవారిని గే అని, ఆడవారిని ఇష్టపడే ఆడవారిని లెస్బియన్ అని, ఇద్దరినీ ఇష్టపడేవారిని బైసెక్సువల్ అని అంటారు. తనను తాను అమ్మాయిగా అనుకుంటున్నారా, అబ్బాయిగా అనుకుంటున్నారా, రెండూ కాదనుకుంటున్నారా అన్నది రెండోది. పుట్టినప్పుడు రాసినదానికీ ఇలా అనుకున్నదానికీ పొంతన లేనివారిని ట్రాన్స్‌జెండర్ అంటారు. బళ్ళో పిల్లలకు ఈ తేడా తెలియదు, అవసరం కూడా లేదు. వాళ్ళ దగ్గర ఉన్నవి ఆడంగి, కొజ్జా, చక్కా, పాయింట్ ఫైవ్, "వాడు తేడా రా". జుట్టు కత్తిరించుకుని క్రికెట్ ఆడే అమ్మాయికి "మగరాయుడు". గొంతు సన్నగా ఉన్నా, చేతులు తిప్పుతూ మాట్లాడినా, అమ్మాయిలతో కూర్చుని ముగ్గు వేసినా ఈ మాటలు పడతాయి. పడినవాళ్ళలో కొందరు నిజంగానే గే కావచ్చు, ట్రాన్స్ కావచ్చు. చాలామంది ఇంకా తమ గురించి తామే తేల్చుకోని వయసులో ఉంటారు. కొందరు ఏదీ కాకపోవచ్చు.

బడి స్పందించడానికి ఆ పిల్లాడు ఎవరో తేలాల్సిన పనిలేదు. క్లాసులో ఒకడిని కులం పేరుతో తిడితే, ముందు వీడి కులం సర్టిఫికెట్ తెప్పించండి అని ఏ హెడ్మాస్టరూ అనరు కదా. తిట్టు తిట్టే. ఇక్కడ మాత్రం వాడు అవునా కాదా అన్న కుతూహలం ముందుకొచ్చి, జరిగిన పనిని పక్కకు నెట్టేస్తుంది. సానుభూతి ఉన్న టీచర్లు కూడా ఇక్కడే జారిపడతారు. "ఒరేయ్, వాడు అలాంటివాడు కాదురా, అలా అనకండి" అంటారు. అంటే అలాంటివాడైతే అనొచ్చనా? ఆ మాట విన్న నలభై మందిలో నిజంగా అలాంటి పిల్లాడు ఒకడుంటే, టీచర్ తన వైపు లేరని వాడికి ఆ క్షణంలోనే తెలిసిపోతుంది.

ఈ మాటలు పిల్లలు ఎక్కడ నేర్చారని కూడా అడగాలి. సినిమా కామెడీ నుంచి, ఇంటి నుంచి, ఫోన్ నుంచి. మన నోటి నుంచి కూడా. పరుగుపందెంలో వెనకబడ్డవాడిని "గాజులు తొడుక్కో పో" అన్న పీఈటీలు ఉన్నారు. ఏడ్చినవాడిని "ఆడపిల్లలా ఏంట్రా" అన్నది నేనే. యాన్యువల్ డేకి అబ్బాయికి చీర కట్టించి, స్టేజీ మీద నడిపించి, ముందు వరుసలో కూర్చుని నవ్వింది మేమందరం. ఆ మర్నాడు అదే నవ్వు క్లాసులోకి వస్తే దాన్ని పిల్లల తప్పుగా రాసుకోవడం న్యాయం కాదు.

యునెస్కో ఢిల్లీ కార్యాలయం తరఫున తమిళనాడులో ఎల్‌జీబీటీక్యూ యువత బడి అనుభవాల మీద జరిగిన ఒక అధ్యయనం 2019లో వెలుగులోకి వచ్చింది. మిడిల్, హైస్కూల్ రోజుల్లో శారీరకంగా వేధింపులకు గురయ్యామని 60 శాతం మంది చెప్పారు. బడి పెద్దలకు ఫిర్యాదు చేసింది మాత్రం 18 శాతమే. దాదాపు మూడో వంతు మంది చదువు ఆపేయడానికి ఈ వేధింపులే ముఖ్య కారణమన్నారు. మొదటి రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. "మా బడిలో అలాంటి సమస్యే లేదు, ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు" అని చెప్పే హెడ్మాస్టర్లు నాకు చాలామంది తెలుసు. ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో పిల్లలకు ముందే తెలుసు కాబట్టి చేయరు.

చట్టం ఏమంటుందో కూడా చాలామంది టీచర్లకు తెలియదు. నేను సోషల్ చెబుతాను, నాకే తెలియలేదు. సుప్రీంకోర్టు 2014లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపును రాజ్యాంగ హక్కుగా చెప్పింది. 2018 సెప్టెంబరు 6న, పెద్దవాళ్ళ మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని 377వ సెక్షన్ మీద తీర్పిచ్చింది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా వివక్ష లేకుండా చదువు, ఆటలు, వినోదం అందించాలంది. 2020 రూల్స్‌లో విద్యాసంస్థల్లో వేధింపుల ఫిర్యాదుకు ఒక కమిటీ ఉండాలని, ఏడిపించేవాళ్ళ వల్ల ట్రాన్స్‌జెండర్ పిల్లలకు ఇబ్బంది లేకుండా చూసే అధికారం దానికి ఉండాలని, ఏడిపించేది టీచర్ అయినా సరేనని రాశారు. ఈ ఒక్క విషయం ప్రతి స్టాఫ్ రూమ్ గోడ మీద ఉండాలి. ఎందుకంటే మనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తాం. "వాణ్ణి బి సెక్షన్‌కి మార్చేద్దాం, గొడవ వదిలిపోతుంది" అంటాం. దెబ్బ తిన్నవాడికి సీటు మారుతుంది, స్నేహితులు పోతారు, సెక్షన్ ఎందుకు మారాడో ఊరంతా తెలుస్తుంది. మారాల్సింది ఏడిపించినవాడి సీటు.

మన దగ్గరి నుంచి వెళ్ళిన ఒక కేసు వల్ల ఈ మధ్య ఇంకా స్పష్టత వచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ళ అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసు విచారిస్తూ సుప్రీంకోర్టు 2025 జూలై 25న విద్యార్థుల మానసిక ఆరోగ్యం గురించి 15 మార్గదర్శకాలు ఇచ్చింది. స్కూళ్ళు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు అన్నిటికీ, తగిన చట్టం వచ్చేదాకా అవి వర్తిస్తాయంది. ఆ కేసు వేరే విషయం మీద నడిచింది. అయినా మార్గదర్శకాల్లో కులం, మతం, వైకల్యం, జెండర్‌తో పాటు లైంగిక ఆకర్షణ ఆధారంగా జరిగే వేధింపులను కూడా పేరు పెట్టి చెప్పారు. రహస్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. ఎల్‌జీబీటీక్యూ పిల్లలతో సహా బలహీన స్థితిలో ఉన్నవాళ్ళతో ఎలా మెలగాలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న చోట కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. టీచర్లకు, టీచర్లు కాని సిబ్బందికి ఏడాదికి రెండుసార్లైనా మానసిక ఆరోగ్యంపై శిక్షణ జరగాలి. మా మండలంలో ఎన్ని బడుల్లో కౌన్సెలర్ ఉన్నారో వేళ్ళ మీద లెక్కపెట్టడానికి కూడా వేళ్ళు అక్కర్లేదు. అయినా ఆ కాగితం చేతిలో ఉంటే అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

కాలేజీల విషయంలో యూజీసీ 2016లోనే ర్యాగింగ్ నిర్వచనంలో ట్రాన్స్‌జెండర్ గుర్తింపునూ లైంగిక ఆకర్షణనూ చేర్చింది. ఇంటర్ దాటి డిగ్రీకి వెళ్ళే పిల్లలకు ఈ మాట చెప్పి పంపడం మంచిది.

మరి టీచర్లకు నేర్పేదెవరు? 2021లో ఎన్‌సీఈఆర్‌టీ ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి టీచర్ల కోసం ఒక శిక్షణ పుస్తకం తయారుచేసి వెబ్‌సైట్‌లో పెట్టింది. జాతీయ బాలల హక్కుల కమిషన్ అభ్యంతరం చెప్పాక, కొద్ది రోజుల్లోనే అది అక్కడ కనిపించకుండా పోయింది. 2023లో మరో ముసాయిదా వచ్చింది. నా అభిప్రాయం అడిగితే, మొదటి పుస్తకంలో సరిదిద్దాల్సినవి ఉంటే సరిదిద్ది ఉంచాల్సింది. అలా తీసేయడం వల్ల ఈ విషయం ముట్టుకోకపోవడమే మేలు అన్న సందేశం బడులకు వెళ్ళింది. దానికి పూర్తి భిన్నంగా, అదే 2021లో మద్రాస్ హైకోర్టు జడ్జి ఆనంద్ వెంకటేశ్ ప్రేమించుకున్న ఇద్దరమ్మాయిల కేసు విచారిస్తూ, ఈ విషయం తనకూ సరిగా తెలియదని ఒప్పుకుని, సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నాకే ఉత్తర్వు ఇచ్చారు. బడులు పేరెంట్స్ మీటింగుల ద్వారా తల్లిదండ్రులకు అవగాహన కలిగించాలని, ఈ పిల్లలను అర్థం చేసుకునే కౌన్సెలర్లను పెట్టాలని, అందరూ వాడుకోగల టాయిలెట్లు ఉండాలని అందులో ఉంది. ఒక హైకోర్టు జడ్జి "నాకు తెలియదు" అనగలిగినప్పుడు నాలాంటి టీచర్‌కు ఏం నామోషీ?

ఇక అసలు విషయానికి వద్దాం. రేపు పొద్దున క్లాసులో ఆ మాట వినపడితే ఏం చెయ్యాలి?

అక్కడికక్కడ చెయ్యాల్సింది అర నిమిషం పని. పాఠం ఆపాలి. మాట అన్నవాడి వైపే చూసి, "ఆ మాట ఈ క్లాసులో వద్దు. అది మనిషిని కించపరిచే మాట. బెల్లు కొట్టాక నన్ను కలువు" అని, పాఠం కొనసాగించాలి. అంతే. పడినవాడి వైపు తిరగకూడదు. జాలిగా చూసినా నలభై జతల కళ్ళు అటే తిరుగుతాయి. పెద్ద ఉపన్యాసం కూడా వద్దు. ఇరవై నిమిషాలు క్లాసు పీకితే, "వీడి వల్లే" అని ఆ కోపం మళ్ళీ వాడి మీదికే పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, విననట్టు ఊరుకోకూడదు. టీచర్ విన్నారని పిల్లలకు తెలుసు. విని ఊరుకుంటే అది అనుమతి కింద లెక్క.

తర్వాత పడిన పిల్లాడితో మాట్లాడాలి. ఒంటరిగా, కానీ అందరూ చూస్తుండగా పిలిపించి కాదు. నోట్‌బుక్స్ మోయడానికి రమ్మన్నట్టో, లైబ్రరీ పని ఉన్నట్టో పిలవాలి. "నువ్వు గేనా?" అని అడగకూడదు. చుట్టుతిప్పి కూడా అడగకూడదు. వాడంతట వాడు చెబితే విని, నమ్మినందుకు థాంక్స్ చెప్పి, అది తన దగ్గరే ఉంటుందని మాట ఇవ్వాలి. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఎక్కడ జరుగుతోంది? ఏ టైములో? ఎవరెవరు ఉంటారు? ఎవరైనా ముట్టుకున్నారా? ఫోన్‌లో ఏమైనా తిరుగుతోందా? నీతో బాగా ఉండేవాళ్ళు ఎవరు? ఇప్పుడు నీకేం కావాలి?

ఈ ప్రశ్నలు అడగడం నేర్చుకున్నాక నాకు తెలిసిన విషయం ఒకటి చెబుతాను. రెండేళ్ళ క్రితం ఎనిమిదో తరగతి పిల్లాడొకడు రోజూ నిండు వాటర్ బాటిల్ తెచ్చుకుని, నిండు బాటిలే ఇంటికి తీసుకెళ్ళేవాడు. ఎండాకాలం ఒంటిపూట బడిలో కూడా. ఎందుకురా అంటే మొదట చెప్పలేదు. మా బళ్ళో అబ్బాయిల టాయిలెట్‌కి తలుపుంది గానీ లోపల గొళ్ళెం లేదు. వీడు లోపలికి వెళ్ళగానే నలుగురు తలుపు తోసి, "చూద్దాం, ఉందా లేదా" అనేవారట. వాడు కనుక్కున్న పరిష్కారం, పొద్దున నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకపోవడం. వాడు ఎవరు, వాడికి ఎవరంటే ఇష్టం అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకుండానే చెయ్యాల్సినదంతా చెయ్యగలిగాం.

ఇలాంటిది వచ్చినప్పుడు అల్లరి అనే మాట పక్కన పెట్టాలి. బట్టలు లాగడం, రహస్య భాగాలు ముట్టుకోవడం, అలాంటి ఫొటోలు తీయడం, పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం దాకా వెళ్ళే విషయాలు. అబ్బాయి మీద అబ్బాయిలు చేసినా ఆ చట్టం వర్తిస్తుంది. తెలిసి కూడా చెప్పకపోతే అది బడి తప్పవుతుంది. చేసినవాళ్ళూ పిల్లలే కాబట్టి వాళ్ళ కేసు జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. హెడ్మాస్టర్ గదిలో గుట్టుచప్పుడు కాకుండా రాజీ చేసే అధికారం మనకు లేదు.

అమ్మాయిల మధ్య జరిగేది ఇంత పైకి కనపడదు. రెసిడెన్షియల్ స్కూల్లో ఇద్దరమ్మాయిలు ఎప్పుడూ కలిసి ఉంటారని ఎవరో ఒక మాట అంటారు. వారం తిరిగేసరికి వాళ్ళ పక్క మంచం ఖాళీ అవుతుంది. స్నానాల గది దగ్గర వరుసలో వాళ్ళొస్తే మిగతావాళ్ళు తప్పుకుంటారు. ఎవరూ తిట్టరు, కొట్టరు. వార్డెన్ కూడా ఏమీ జరగలేదనే రాస్తారు. ఇది కూడా వేధింపే అని గుర్తించడం మనకు ఇంకా రాలేదు.

ఏడిపించినవాళ్ళను ఎలా చూడాలి? ఒక్కొక్కరినీ విడిగా పిలవాలి. ముగ్గురినీ కలిపి నిలబెడితే ఒకడి ముఖం చూసి ఇంకొకడు ధైర్యం తెచ్చుకుంటాడు. పడినవాడిని, అన్నవాడిని ఎదురెదురుగా కూర్చోబెట్టి "చెయ్యి కలుపుకోండి" అనడం మనకు బాగా అలవాటు. అది సమానమైన ఇద్దరి మధ్య గొడవకు పనికొస్తుంది. ఒకడి మీద పదిమంది పడినప్పుడు పనికిరాదు. ప్రేయర్‌లో మైకు ముందు సారీ చెప్పించడం ఇంకా ఘోరం. ఆ సారీతో పాటు ఆ తిట్టు బడి మొత్తానికి మళ్ళీ వినపడుతుంది.

కొట్టడం కుదరదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. అది ఆ చట్టం కిందికి వచ్చే 6-14 ఏళ్ళ పిల్లలందరికీ, ఏడిపించినవాడికీ వర్తిస్తుంది. టీసీ ఇచ్చి పంపేయడం కూడా కుదరదు. ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా, అంటే ఎనిమిదో తరగతి దాకా, ఏ పిల్లాడినీ బడి నుంచి తీసేయకూడదని అదే చట్టం చెబుతుంది. తొమ్మిది, పది తరగతుల్లో కుదిరినా, ఏం లాభం? అమెరికాలో చిన్న తప్పుకీ పెద్ద శిక్ష వేసే జీరో టాలరెన్స్ విధానాన్ని ఏళ్ళ తరబడి నడిపారు. దానివల్ల బడులు భద్రంగా మారినట్టు ఆధారం లేదని అక్కడి సైకాలజిస్టుల సంఘం 2008లో వెలువడిన నివేదికలో తేల్చింది. చేసినదానికి సరిపోయే ఫలితం మాత్రం తప్పకుండా ఉండాలి. వీడియో తీసినవాడు మన ముందే డిలీట్ చేయాలి, వాడు ఎవరెవరికి పంపాడో వాళ్ళందరి దగ్గరా తీయించాలి. టీమ్ కెప్టెన్ అయితే కొన్నాళ్ళు ఆ హోదా పోవాలి. సీటు మారాలి. రిజిస్టర్‌లో రాయాలి, తేదీతో సహా. రెండోసారి జరిగితే మొదటిసారి ఏం చెప్పామో కాగితం మీద ఉండాలి.

నవ్వినవాళ్ళ సంగతి మనం అసలు ఆలోచించం. అన్నది ఒకడు, నవ్వింది ముప్పై మంది. ఆ ముప్పై మంది నవ్వకపోతే రెండోరోజు ఆ మాట పుట్టదు. కెనడాలో బడి ఆవరణల్లో పిల్లలను వీడియో తీసి చేసిన ఒక అధ్యయనం 2001లో వచ్చింది. తోటి పిల్లల్లో ఒకరు అడ్డుపడినప్పుడు, సగానికి పైగా సందర్భాల్లో, 57 శాతంలో, పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. ఫిన్లాండ్‌లో కివా అనే కార్యక్రమం ఈ ఆలోచన మీదే నడుస్తుంది. క్లాసులో పలుకుబడి ఉన్న ఇద్దరు ముగ్గురు పిల్లలను టీచర్ విడిగా పిలిచి, పడిన పిల్లాడికి తోడుగా ఉండమని అడుగుతారు. మనకూ ఇది కష్టం కాదు. ప్రతి క్లాసులో అందరూ మాట వినే ఒక పిల్లో పిల్లాడో ఉంటారు. "వాడి పక్కన కూర్చుని తిను" అని చెబితే చాలు. కారణం చెప్పక్కర్లేదు.

ఇప్పుడు తల్లిదండ్రుల విషయం. నా దృష్టిలో బడి చేసే అతి పెద్ద తప్పు ఇక్కడే జరుగుతుంది. ఏదైనా గొడవ కాగానే మన చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. "మీవాడిని అందరూ అలా అంటున్నారండీ, కాస్త చూసుకోండి" అని తండ్రికి చెబుతాం. మనకు అదొక సాధారణమైన కబురు. ఇంట్లో ఆ రాత్రి ఏం జరుగుతుందో మనకు తెలియదు. బెల్టు దెబ్బలు, ఫోన్ లాక్కోవడం, బడి మాన్పించడం, బాబా దగ్గరికో, "మార్చేస్తానన్న" డాక్టర్ దగ్గరికో తీసుకెళ్ళడం జరిగిన ఇళ్ళున్నాయి. కాబట్టి జరిగిన పని గురించి మాత్రమే చెప్పాలి. "మీ అబ్బాయిని కొందరు పిల్లలు తిడుతున్నారు, తప్పు వాళ్ళది, మేం చర్య తీసుకున్నాం" అని చెప్పాలి. ఏమని తిడుతున్నారని అడిగితే, పిల్లాడితో ముందే మాట్లాడి, వాడు ఎంతవరకు చెప్పమంటే అంతవరకే. ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే అది వేరే సంగతి. అప్పుడు పెద్దవాళ్ళను కలుపుకోవాల్సిందే. కానీ ఎవరిని కలుపుకోవాలి, అమ్మనా, మేనమామనా, అమ్మమ్మనా, అన్నది పిల్లాడినే అడగాలి. 1098 చైల్డ్ లైన్, 14416 టెలీ మానస్ నంబర్లు పిల్లలందరికీ కనపడేలా రాసి ఉంచాలి.

ఇంట్లో అండ ఉన్నా బడి ఎంత ముఖ్యమో ఫరీదాబాద్‌లో 2022 ఫిబ్రవరిలో జరిగిన ఘటన చెబుతుంది. అక్కడ ప్రాణం తీసుకున్న ఒక పదో తరగతి అబ్బాయి తల్లి అదే బడిలో టీచర్. ఆమె కొడుకు పక్షానే నిలబడింది. తోటి పిల్లల వేధింపుల గురించి చెప్పినా బడి పట్టించుకోలేదని ఆమె తర్వాత బహిరంగంగా చెప్పింది. అప్పటి నుంచి నేను స్టాఫ్ రూమ్‌లో "పట్టించుకోకు" అనే మాట వాడలేదు.

ఏడిపించినవాడి తల్లిదండ్రులు వచ్చి "మావాడు సరదాగా అన్నాడండీ" అంటారు. వాళ్ళతో కూడా పని గురించే మాట్లాడాలి. ఒక్కోసారి ఇంకో మాట కూడా వస్తుంది: "మా మతంలో ఇది తప్పు. మావాడి అభిప్రాయం చెప్పే హక్కు లేదా?" దీన్ని కొట్టిపారేయకూడదు, నిజంగా ఆలోచించాల్సిన ప్రశ్న. అమెరికాలో ఇది కోర్టుల దాకా వెళ్ళింది. ఇల్లినాయిలోని నేపర్‌విల్‌లో గేలకు వ్యతిరేకమైన నినాదం ఉన్న టీషర్టు వేసుకోనివ్వాలని 2011లో అప్పీల్ కోర్టు చెప్పింది. మసాచుసెట్స్‌లో "జెండర్లు రెండే" అన్న టీషర్టు విషయంలో 2024లో మరో అప్పీల్ కోర్టు బడి ఆంక్షను సమర్థించింది. 2025లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసు తీసుకోలేదు. అక్కడ చదువుతున్న మన తెలుగు పిల్లలు ఈ వాదనల మధ్యే పెరుగుతున్నారు. కోర్టుల్లో తేడా వచ్చింది ఎవరి పేరూ లేని నినాదం దగ్గర. ఒక పిల్లాడిని పట్టుకుని తిట్టడం, కొట్టడం గురించి ఆ తేడా లేదు. విస్కాన్సిన్‌లోని ఆష్‌లాండ్‌లో గే విద్యార్థిని ఏళ్ళ తరబడి కొడుతుంటే, బడి పెద్దలు "నువ్వలా ఉంటే ఇవి తప్పవు" అన్న ధోరణిలో వదిలేశారు. 1996లో అప్పీల్ కోర్టు ఆ కేసు విచారణకు పంపింది. ఇతరులకు ఇచ్చే రక్షణ ఇతనికి ఇవ్వకపోవడం సమానత్వ హక్కుకు విరుద్ధమంది. జ్యూరీ ఆ పెద్దలనే బాధ్యులను చేసింది. చివరికి దాదాపు 9 లక్షల డాలర్ల పరిహారంతో రాజీ కుదిరింది.

మన క్లాసులో గీత ఎక్కడ గీయాలి? సోషల్ పీరియడ్‌లో 377 తీర్పు గురించి చర్చ జరుగుతూ, ఒక పిల్లాడు లేచి "మా ఇంట్లో దీన్ని ఒప్పుకోరు టీచర్" అంటే, వినాలి, జవాబు చెప్పాలి. వాడికి శిక్ష వేయకూడదు. అదే పిల్లాడు వెనక్కి తిరిగి ఒకడి వైపు వేలు చూపించి "ఇలాంటివాళ్ళను" అన్నాడంటే చర్చ అక్కడితో అయిపోయింది. నమ్మకం వాడిది. పక్కవాడు భయం లేకుండా కూర్చునే హక్కు పక్కవాడిది. బడి రెండోదానికి కాపలా ఉండాలి.

వాట్సాప్ గ్రూపు బడి బయటి విషయం అనే వాదన కూడా వింటుంటాను. రాత్రి పదింటికి చేసిన స్టిక్కర్ పొద్దున తొమ్మిదింటికి క్లాసులోకి వస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి. స్టాఫ్ గ్రూపులో మాత్రం పెట్టకూడదు. ఆ బొమ్మను మరో ముప్పై మందికి చూపించినవాళ్ళం మనమవుతాం. ఒంటి మీద బట్టల్లేని ఫొటో అయితే దాన్ని మనం ఫార్వర్డ్ చేయనే కూడదు, పోలీసులకు చెప్పాలి.

చర్య తీసుకున్నాక ఫైలు మూసేస్తాం. అసలు చూడాల్సింది రెండు వారాల తర్వాత. అటెండెన్స్ ఎలా పలుకుతున్నాడు? మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరి పక్కన కూర్చుంటున్నాడు? గ్రౌండుకి వస్తున్నాడా, లైబ్రరీలో దాక్కుంటున్నాడా? "కంప్లైంట్ ఇచ్చావు కదా" అని ఎవరైనా కొత్తగా సాధిస్తున్నారా? నోటితో అడిగితే "బాగానే ఉంది టీచర్" అంటారు.

మా బళ్ళో ఆ టాయిలెట్ తలుపుకి గొళ్ళెం వేయించమని హెడ్మాస్టర్ గారికి రాసి ఇచ్చాను. స్కూల్ గ్రాంటు ఇంకా పడలేదన్నారు. శనివారం సాయంత్రం వడ్రంగిని నేనే తీసుకెళ్ళాను. గొళ్ళెం, స్క్రూలు, కూలీ కలిపి 180 రూపాయలైంది. సోమవారం ఆ పిల్లాడికి ఏమీ చెప్పలేదు. బుధవారం ఇంటర్వెల్ తర్వాత చూస్తే బాటిల్ సగానికి వచ్చింది.